నాన్న కొలెస్ట్రాల్ బిళ్ల పక్కన ఇంకేం మందు ఉంది?

ఈ వారం ఒక ఉత్తరంతో మొదలుపెడదాం. వరంగల్ నుంచి ఒక అబ్బాయి రాశాడు. పేరు వేయొద్దన్నాడు.

"నాన్నకి 58 ఏళ్లు. రెండేళ్ల కింద గుండెలో స్టెంట్ వేశారు. అప్పట్నుంచి రోజూ రాత్రి అటోర్వాస్టాటిన్ 40 వేసుకుంటున్నారు. ఏ ఇబ్బందీ లేదు. మొన్న ఎండాకాలంలో నడుం చుట్టూ తామర వచ్చింది. స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే నెల రోజులకి క్యాప్సూల్స్ రాశారు. మూడో వారంలో కాళ్లు గుంజుతున్నాయి అన్నారు. తర్వాత కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి వచ్చింది. వయసు కదా అనుకున్నాం. మెడికల్ షాపుకి వెళ్లి నొప్పుల గోలీలు నేనే తెచ్చిచ్చాను. ఒక రోజు పొద్దున మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చిందని అమ్మతో చెప్పారు. అప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాం. రక్తంలో సీకే చాలా ఎక్కువ ఉందన్నారు. ఐదు రోజులు సెలైన్లు పెట్టారు. ఇప్పుడు బాగున్నారు. కానీ కొలెస్ట్రాల్ గోలీ జన్మలో ముట్టనంటున్నారు. ఆయన్ని చూసి మా ఇద్దరు బాబాయిలు కూడా మానేశారు. తప్పు ఆ గోలీదేనా? మానేస్తే స్టెంట్‌కి ఏం కాదా?"

తమ్ముడూ, ముందు నీ రెండో ప్రశ్నకి జవాబు. స్టెంట్ ఉన్న మనిషి కొలెస్ట్రాల్ మందు పూర్తిగా మానేసి ఊరుకోవడం మంచిది కాదు. అది ఎలా సరిచేయాలో చివర్లో చెప్తాను. మీ బాబాయిలు మానేయడానికైతే అసలు కారణమే లేదు. ఎందుకో తెలియాలంటే నీ మొదటి ప్రశ్నలోకి వెళ్లాలి.

తప్పు ఒక్క బిళ్లది కాదు

మీ నాన్నగారు రెండేళ్లు అదే బిళ్ల, అదే 40 మిల్లీగ్రాములు వేసుకున్నారు. ఏమీ కాలేదు. మూడు వారాల్లో మారింది ఏమిటి? తామర క్యాప్సూల్. దాని పేరు నువ్వు రాయలేదు గానీ, మన దగ్గర మొండి తామరకి వారాల తరబడి ఎక్కువగా రాసేది ఇట్రాకొనజోల్. నీ దగ్గర ఆ ఖాళీ స్ట్రిప్ ఉంటే ఒకసారి సన్నటి అక్షరాలు చదువు. నేను చెప్పిన పేరే ఉంటే కథ మొత్తం అర్థమైనట్టే.

విడివిడిగా చూస్తే రెండూ మంచి మందులే. రెండూ ఒకే ఒంట్లోకి ఒకేసారి వెళ్లినప్పుడు వచ్చింది గొడవ. గుండె డాక్టర్‌కి తామర సంగతి తెలియదు. స్కిన్ డాక్టర్‌కి స్టెంట్ సంగతి ఎవరూ చెప్పలేదు. నొప్పుల గోలీలు ఇచ్చిన షాపతనికి ఈ రెండూ తెలియవు. ముగ్గురి మందులూ చేరింది మాత్రం మీ ఇంట్లో ఒకే డబ్బాలోకి.

ఈ ఉత్తరం ఇక్కడ వేయడానికి కారణం ఇదే. ఇది చదువుతున్న మీలో చాలామంది స్టాటిన్ వేసుకునే వయసువాళ్లు కాదు. కానీ అమ్మానాన్నల మందులు యాప్‌లో ఆర్డర్ పెట్టేది మీరే. ఆస్పత్రిలో టోకెన్ తీసుకునేది, చీటీ చదివేది కూడా మీరే. ఆ డబ్బాలో ఏమేం ఉన్నాయో అన్నీ కలిపి చూడగలిగినవాళ్లు ఇంట్లో మీరొక్కరే.

లోపల జరిగేది: పంతంగి టోల్‌గేట్

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లినవాళ్లకి పంతంగి టోల్‌ప్లాజా గురించి వేరే చెప్పక్కర్లేదు. గేట్లన్నీ తెరిచి ఉంటే బండ్లు కదులుతుంటాయి. నాలుగు గేట్లు మూస్తే వెనక కిలోమీటర్ల కొద్దీ ఆగిపోతాయి. వచ్చే బండ్ల సంఖ్య మారకపోయినా రోడ్డు నిండిపోతుంది.

మన కాలేయంలో, పేగు గోడల్లో మందుల్ని విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైములు ఉంటాయి. వాటిలో ముఖ్యమైన గేటు పేరు సిప్ 3ఎ4. అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ ఈ గేటు గుండానే వెళ్లిపోతాయి. ఇట్రాకొనజోల్ వచ్చి ఆ గేటు మూసేస్తుంది. మీ నాన్నగారు వేసుకున్నది 40 మిల్లీగ్రాములే. కానీ నిన్నటిది పూర్తిగా పోకముందే ఇవాళ్టిది, దాని వెనక రేపటిది చేరతాయి. ఇట్రాకొనజోల్‌తో కలిస్తే రక్తంలో అటోర్వాస్టాటిన్ సుమారు మూడు రెట్లు అవుతుంది. అదే సిమ్వాస్టాటిన్ అయితే పది రెట్లు దాటిపోతుంది.

స్టాటిన్ మోతాదుకు మించితే ముందు దెబ్బ తినేది కండరాలు. తొడలు, పిక్కలు, భుజాలు నొప్పెడతాయి, బలం తగ్గుతుంది. మరీ ముదిరితే కండరం విరిగి, అందులోని మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. దాన్ని వడకట్టలేక కిడ్నీలు ఇబ్బంది పడతాయి. మూత్రం డికాషన్ రంగుకి తిరిగేది అందుకే. దీన్నే రాబ్డోమయోలైసిస్ అంటారు. సీకే అంటే కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎంజైము.

ఇలాంటి సమయంలో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు వేస్తే కిడ్నీల మీద ఇంకో భారం పడుతుంది. తమ్ముడూ, నువ్వు తెలియక తెచ్చిచ్చావు. అందులో నీ తప్పు వెతుక్కోకు. ఇకముందు మాత్రం స్టాటిన్ వేసుకునేవాళ్లు కొత్తగా ఒంటి నొప్పులంటే షాపుకి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఒక మందే మార్కెట్ నుంచి పోయింది

ఇదేదో లక్షలో ఒకరి దురదృష్టం అని తీసిపారేయలేం. 2001 ఆగస్టులో సెరివాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందుని దాని కంపెనీ బేయర్ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. కండరాలు విరిగి చనిపోయిన కేసులు అప్పటికి అమెరికాలోనే 31 నమోదయ్యాయి. అందులో 12 మంది దాంతోపాటు జెమ్‌ఫైబ్రోజిల్ అనే ట్రైగ్లిజరైడ్ల మందు కూడా వాడుతున్నవాళ్లు. ఒక మందు ఇంకో మందుతో కలిసినప్పుడు ఎంత దూరం పోతుందో ప్రపంచానికి గట్టిగా తెలిసింది అప్పుడే.

ఇప్పుడు వాడుతున్న స్టాటిన్లు దానికంటే చాలా సురక్షితం. రాబ్డో దాకా వెళ్లేది చాలా అరుదు. కానీ ఆ అరుదైన కేసుల్ని తిరగేస్తే వెనక ఇలాంటి రెండో మందు తరచూ కనిపిస్తుంది. అంటే జాగ్రత్త పడితే చాలావరకు తప్పించగలిగినవే.

ఏ జబ్బు మందుతో జాగ్రత్త?

మందుల పేర్లన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ఇంట్లో ఏ జబ్బు వస్తే ఆగి అడగాలో గుర్తుంటే చాలు.

*తామర, ఫంగస్:* పేరు చివర "కొనజోల్" అని ఉంటే ఆగండి. ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్, వోరికొనజోల్, పోసాకొనజోల్ బిళ్లలు గేటు గట్టిగా మూస్తాయి. ఫ్లూకొనజోల్ కొంచెం తక్కువ. పైన రాసుకునే క్రీములతో ఈ భయం లేదు. ఇంకో సంగతి: ఇట్రాకొనజోల్ ఆపిన మర్నాడే గేటు తెరుచుకోదు. ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి వారం నుంచి రెండు వారాలు పట్టొచ్చు. కాబట్టి "కోర్సు అయిపోయింది, ఇవాళ్టి నుంచి స్టాటిన్ మొదలు" అని మీరే నిర్ణయించొద్దు.

*గొంతు, ఛాతీ ఇన్ఫెక్షన్:* క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్. క్లారిత్రోమైసిన్‌తో అటోర్వాస్టాటిన్ నాలుగు రెట్లకు పైగా పెరిగినట్టు లెక్కలున్నాయి. అందుకే ఈ రెండూ కలిపి వాడాల్సి వస్తే అటోర్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదని మందు లేబుల్ మీదే ఉంటుంది. సిమ్వాస్టాటిన్‌తో అయితే అసలు కలపకూడదు. అదే కుటుంబంలోని అజిత్రోమైసిన్ ఈ విషయంలో చాలా మేలు. అమాక్సిసిలిన్‌తో ఈ గేటు గొడవే లేదు. అంటే డాక్టర్‌కి ముందే చెప్తే మార్చడానికి దారి ఉందన్నమాట.

*కడుపులో అల్సర్ కిట్:* కడుపులో హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా ఉంటే 14 రోజుల కిట్ ఇస్తారు. అట్ట మీద కిట్ పేరు ఒక్కటే పెద్దగా ఉంటుంది. లోపల మూడు మందులుంటాయి. వాటిలో ఒకటి చాలాసార్లు క్లారిత్రోమైసిన్. "గ్యాస్ మందే కదా" అనుకుని ఎవరూ చెప్పరు.

*బీపీ, గుండె దడ:* డిల్టియాజెమ్, వెరాపమిల్, అమియోడరాన్ మందులు గేటుని సగం మూస్తాయి. డిల్టియాజెమ్ లేదా వెరాపమిల్ వాడేవాళ్లకి సిమ్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు మించకూడదు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే బీపీ మందు ఆమ్లోడిపిన్. దాంతో సిమ్వాస్టాటిన్ 20 దాటకూడదు. అటోర్వాస్టాటిన్, ఆమ్లోడిపిన్ మాత్రం మామూలుగా కలిపే వాడతారు, కంగారు పడకండి.

*ట్రైగ్లిజరైడ్లు:* జెమ్‌ఫైబ్రోజిల్ గురించి పైన చదివారు. స్టాటిన్‌తో దాన్ని కలపకపోవడమే మంచిది. ఫెనోఫైబ్రేట్ దానికంటే మేలు. రోజువాస్టాటిన్‌తో కలిపి ఒకే బిళ్లగా కూడా అమ్ముతారు. అయినా కిడ్నీ సరిగ్గా లేనివాళ్లకి జాగ్రత్త అవసరం.

*గౌట్:* కాలి బొటనవేలు వాచి మంట పెడితే ఇచ్చే కోల్చిసిన్ కూడా కండరాల మీద పనిచేసే మందే. స్టాటిన్‌తో కలిస్తే, ముఖ్యంగా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో, కండరాల నీరసం రావచ్చు.

*టీబీ, ఫిట్స్:* ఇక్కడ కథ తిరగబడుతుంది. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఇచ్చే కార్బమజపైన్, ఫెనిటోయిన్ గేట్లు మూయవు. కొత్త గేట్లు తెరుస్తాయి. స్టాటిన్ పని చేయకముందే బయటికి పోతుంది. రోజూ బిళ్ల వేసుకుంటున్నా కొలెస్ట్రాల్ పెరిగిందేమిటని ఆశ్చర్యపోతారు. టీబీ మందు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపొద్దు. స్టాటిన్ మోతాదు మార్చాలా అని డాక్టర్‌ని అడగండి. ఆ కోర్సు పూర్తయ్యాక మళ్లీ అడగండి. ఎందుకంటే అప్పుడు పెంచిన మోతాదు ఇప్పుడు ఎక్కువైపోతుంది.

*రక్తం పలచబడే మందు:* వార్ఫరిన్ వాడేవాళ్లకి రోజువాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ లాంటివి మొదలుపెట్టినా, మోతాదు మార్చినా ఐఎన్ఆర్ పెరగొచ్చు. రక్తస్రావం కాకుండా ఆ పరీక్ష త్వరగా చేయించాలి.

*హెచ్ఐవీ, కోవిడ్, కిడ్నీ మార్పిడి:* రిటోనావిర్ ఉన్న మందులు, మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్ చాలా బలమైనవి. ఇవి వాడేవాళ్ల స్టాటిన్ ఎంపిక పూర్తిగా స్పెషలిస్టుదే.

రోజువాస్టాటిన్‌కి వేరే లెక్క

రోజువాస్టాటిన్, ప్రావాస్టాటిన్, పిటావాస్టాటిన్ ఈ 3ఎ4 గేటు మీద పెద్దగా ఆధారపడవు. పైన చెప్పిన ఫంగస్, గొంతు మందుల గొడవ వీటికి తక్కువ. అందుకే కొందరికి డాక్టర్లు ఇటు మారుస్తారు.

అలాగని వీటికి గొడవే లేదని కాదు. మంటకి తాగే యాంటాసిడ్ సిరప్ తెలుసు కదా? అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉండే తెల్ల మందు. రోజువాస్టాటిన్‌తో కలిపి తాగితే రక్తంలోకి చేరేది సగానికి సగం తగ్గిపోతుంది. బిళ్ల వేసుకున్న రెండు గంటల తర్వాత సిరప్ తాగితే సరిపోతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక మాట. ఆసియా మూలాలున్నవాళ్లలో రోజువాస్టాటిన్ రక్తంలో ఎక్కువగా చేరుతుంది. వాళ్లకి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని అక్కడి లేబుల్ చెప్తుంది. అమ్మానాన్నలు ఆర్నెల్లకి అక్కడికి వచ్చినప్పుడు కొత్త డాక్టర్‌కి ఇక్కడి చీటీ చూపించడం మర్చిపోవద్దు.

ద్రాక్ష తినొచ్చా?

"కొలెస్ట్రాల్ బిళ్ల వేసుకుంటే ద్రాక్షపండ్లు తినకూడదట" అని ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. అది అనువాదంలో వచ్చిన తికమక. ఇంగ్లీషులో గ్రేప్‌ఫ్రూట్ అంటే ద్రాక్ష కాదు. అది నిమ్మజాతి పండు. మన పంపర పనసకి దగ్గరి చుట్టం. ద్రాక్షలు హాయిగా తినండి.

ఈ పండు సంగతి బయటపడిన తీరు చిత్రంగా ఉంటుంది. కెనడాలో డేవిడ్ బెయిలీ అనే శాస్త్రవేత్త ఫెలోడిపిన్ అనే బీపీ మందుకీ ఆల్కహాల్‌కీ ఉన్న సంబంధం చూస్తున్నారు. ఆల్కహాల్ రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. తీరా చూస్తే రక్తంలో మందు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ ఉంది. కారణం ఆల్కహాల్ కాదు, రసం! 1989లో ఆ సంగతి ప్రచురించారు. ఆ రసంలోని ఫ్యూరనోకూమరిన్లు పేగుల్లోని 3ఎ4 గేటుని మూయడం కాదు, విరగ్గొట్టేస్తాయి. కొత్త గేటు కట్టుకోవడానికి ఒంటికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది.

సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ వాడేవాళ్లు గ్రేప్‌ఫ్రూట్ మానేయడమే మంచిది. అటోర్వాస్టాటిన్‌తో రోజుకి లీటరుకు పైగా రసం తాగడం లాంటివి వద్దు. రోజువాస్టాటిన్‌కి ఇబ్బంది లేదు. వినాయక చవితికి పాలవెల్లికి కట్టే పంపర పనసలో కూడా అవే పదార్థాలుంటాయి. పండక్కి రెండు తొనలు తిన్నారని భయపడక్కర్లేదు గానీ రోజూ జ్యూసు తీసి తాగొద్దు. మన బత్తాయి, అనంతపురంవాళ్లు చీనీ అనేది, తీపి నారింజ జాతి. దాంతో ఈ గొడవ లేదు.

"సహజం" అని రాసి ఉంటే?

ఆన్‌లైన్‌లో రెడ్ ఈస్ట్ రైస్ అని ఒక సప్లిమెంట్ అమ్ముతారు. "కొలెస్ట్రాల్‌కి సహజ పరిష్కారం" అంటారు. అందులో ఉండే మొనకోలిన్ కె, మందుల షాపులో దొరికే లోవాస్టాటిన్ ఒకే పదార్థం. అంటే స్టాటిన్ వేసుకుంటూ దీన్ని కూడా వాడితే తెలియకుండానే రెండు స్టాటిన్లు వేసుకున్నట్టు. పైగా డబ్బాకీ డబ్బాకీ మోతాదు మారిపోతుంది. మనసు ప్రశాంతతకి అని అమ్మే సెయింట్ జాన్స్ వోర్ట్ అయితే రిఫాంపిసిన్ లాగా గేట్లు ఎక్కువ తెరిచి స్టాటిన్ బలం తగ్గిస్తుంది. డాక్టర్ మందుల లిస్టు అడిగినప్పుడు పొడులు, కషాయాలు, జిమ్ డబ్బాలు అన్నీ చెప్పండి. "అవి మందులు కాదు కదా" అని వదిలేయొద్దు.

పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటే?

ఇది నన్ను అందరూ అడిగే ప్రశ్న. యాంటాసిడ్ సిరప్ విషయంలో గ్యాప్ పనిచేస్తుంది, ఎందుకంటే ఆ రెండూ కలిసేది కడుపులో. గేటు మూసే మందులకి గ్యాప్ చాలదు. క్లారిత్రోమైసిన్ పొద్దున వేసినా రాత్రికి గేటు మూసే ఉంటుంది. అక్కడ పనికొచ్చేది మూడే దారులు: రెండో మందుని వేరేదానితో మార్చడం, స్టాటిన్ మోతాదు తగ్గించడం, లేదా ఆ కొద్ది రోజులు స్టాటిన్ ఆపడం. వారం రోజుల యాంటీబయాటిక్ కోసం స్టాటిన్ కొన్నాళ్లు ఆపితే సాధారణంగా నష్టం ఉండదు. కానీ మూడిట్లో ఏదో చెప్పాల్సింది డాక్టరే. స్టెంట్ కొత్తగా వేసినవాళ్ల లెక్క వేరు.

ప్రతి నొప్పీ స్టాటిన్‌ది కాదు

ఇదంతా చదివి ఇవాళ రాత్రి అమ్మ చేతిలో బిళ్ల లాక్కోకండి. లండన్‌లో ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. ఫలితాలు 2020లో వచ్చాయి. స్టాటిన్ పడలేదని మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఏడాదిలో నాలుగు నెలలు స్టాటిన్, నాలుగు నెలలు ఉత్తుత్తి బిళ్ల, నాలుగు నెలలు ఏ బిళ్లా లేదు. ఎప్పుడు ఏది వేసుకుంటున్నారో, అది స్టాటినో ఉత్తుత్తిదో వాళ్లకి తెలియదు. రోజూ స్మార్ట్‌ఫోన్‌లో తమ బాధకి మార్కులు వేశారు. స్టాటిన్ నెలల్లో కనిపించిన బాధలో 90 శాతం ఉత్తుత్తి బిళ్ల నెలల్లోనూ ఉంది! ఆ సంగతి చూపించాక వాళ్లలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

అంటే నొప్పి అబద్ధమని కాదు. నొప్పి నిజమే, కారణం చాలాసార్లు వేరు. థైరాయిడ్ తగ్గడం, విటమిన్ డి లోపం, కొత్తగా జిమ్‌లో చేరడం, ఏవైనా కావచ్చు. మరి భయపడాల్సింది ఎప్పుడు?

- కొత్త మందు మొదలైన కొద్ది రోజుల్లో లేదా వారాల్లో రెండు తొడలు, రెండు భుజాలు ఒకేలా నొప్పెడితే
- మెట్లెక్కడం, కింద కూర్చుని లేవడం, తల దువ్వుకోవడం కష్టమైతే
- నొప్పితోపాటు జ్వరం, విపరీతమైన నీరసం ఉంటే
- మూత్రం ఎర్రగా, గోధుమ రంగులో, డికాషన్‌లా వస్తే

చివరిది కనిపిస్తే రేపటి అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఆ పూట స్టాటిన్ వేయకుండా, మందుల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. తొందరగా వెళ్తే కిడ్నీలు కాపాడుకోవచ్చు.

ఇవాళే ఫోన్‌లో చేయాల్సిన పని

పది నిమిషాల పని. ఇంట్లో మందుల డబ్బా బల్ల మీద బోర్లించండి. ప్రతి స్ట్రిప్ వెనకవైపు ఫొటో తీయండి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు, అది మనకి అనవసరం. కింద సన్నగా ఉండేదే అసలు మందు పేరు. చివర "వాస్టాటిన్" అని ఉంటే అది కొలెస్ట్రాల్ మందు. ఒక్కోసారి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిపి ఒకే క్యాప్సూల్‌లో ఉంటుంది. అప్పుడు నాన్న "అది రక్తం పలచబడే గోలీ" అనే చెప్తారు. కొలెస్ట్రాల్ మందు అందులో ఉందని ఆయనకీ తెలియదు. నిస్టాటిన్ అని కనిపిస్తే కంగారు పడకండి, అది నోటి పూతకి వాడే ఫంగస్ మందు.

ఫొటోలన్నీ ఒక ఆల్బమ్‌లో పెట్టి ఇంట్లో అందరికీ పంపండి. అమ్మ ఫోన్‌లో కూడా ఉండాలి, ఎందుకంటే సందు చివర మెడికల్ షాపుకి వెళ్లేది ఆవిడే.

తర్వాత ఒక్క వాక్యం అలవాటు చేసుకోండి. పళ్ల డాక్టర్, స్కిన్ డాక్టర్, కంటి డాక్టర్, మెడికల్ షాప్, ఎవరు కొత్త మందు ఇచ్చినా ఫోన్ తీసి చూపించి అడగండి: "నాన్న ఇవి వాడుతున్నారు సార్, దీంతో పడుతుందా?" అడిగినందుకు ఎవరూ తిట్టరు. విసుక్కున్నా పర్లేదు, అడగండి.

తమ్ముడూ, నాన్నకి ఇలా చెప్పు

మీ నాన్నగారి భయం అర్థం చేసుకోదగ్గదే. కుర్చీలోంచి లేవలేని రోజుల్ని ఎవరూ మర్చిపోరు. ఆయనతో వాదించకు. రెండు స్ట్రిప్పులూ పక్కపక్కన పెట్టి చూపించు. "రెండేళ్లు దీంతో బాగానే ఉన్నావు నాన్నా, ఇది వచ్చాకే అలా అయింది" అని చెప్పు.

తర్వాత డిశ్చార్జ్ కాగితం పట్టుకుని గుండె డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. సీకే మామూలుకి వచ్చిందా, కిడ్నీ పరీక్షలు ఎలా ఉన్నాయి, థైరాయిడ్ చూశారా అని అడుగు. అన్నీ కుదుటపడ్డాక తక్కువ మోతాదుతో మొదలుపెట్టొచ్చు. రోజువాస్టాటిన్ లాంటి వేరే స్టాటిన్‌కి మార్చొచ్చు. అదీ వద్దనుకుంటే ఎజెటిమైబ్, బెంపెడోయిక్ యాసిడ్, ఇంజెక్షన్లు ఉన్నాయి. ఏది సరిపోతుందో ఆయన నిర్ణయిస్తారు. స్టెంట్ ఉన్న గుండెకి ఏ మందూ లేకుండా నెలలు గడపడం మాత్రం వద్దు. తామర మళ్లీ వస్తే ఆ స్కిన్ డాక్టర్‌కి ఈ ఐదు రోజుల సెలైన్ల సంగతి మొదటి మాటగా చెప్పు.

బాబాయిలిద్దరికీ ఇవాళే ఫోన్ చెయ్యి. వాళ్లు తామర మందు వేసుకోవడం లేదు కదా? అయితే ఊరికే ఆపేసిన బిళ్ల గురించి రేపే వాళ్ల డాక్టర్‌తో మాట్లాడమను. ఫోన్ పెట్టేసే ముందు, వాళ్ల డబ్బా ఫొటోలు కూడా పంపమని అడుగు.